ఇంకో వందడుగులు

బోరు ఎక్కడ వేయాలో చెప్పేవాళ్లకు మా వైపు కొదవ లేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాళ్లు ఒకరు. కాయ నిలువుగా లేచిన చోట కాలితో గీత గీసి "ఇక్కడ దించు నాయనా, గంగమ్మ ఉంది" అంటారు. వేప పంగల పుల్ల పట్టుకునేవాళ్లు ఇంకొకరు. తాళంచెవుల గుత్తి వేలాడేసి చూసేవాళ్లున్నారు. మేకులు పాతి, వైర్లు లాగి, మీటరు చూసి కాగితం మీద రాసిచ్చే జియాలజిస్టులూ ఉన్నారు. కొందరు రైతులు కొబ్బరికాయ ఆయన్నీ, మీటరు ఆయన్నీ వేరువేరుగా పిలిపించి, ఇద్దరి గీతలూ దగ్గర దగ్గరగా పడితే అక్కడ ముగ్గు వేస్తారు. గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా, అర్ధవీడు నుంచి తర్లుపాడు దాకా ఏ ఊళ్లో అడిగినా పాయింటు చూసే మనిషి పేరు ఒకటి చెబుతారు. ఎక్కడ ఆపాలో చెప్పే మనిషి మాత్రం నాకింతవరకు తగల్లేదు.

మొదలుపెట్టడానికి మనకు ముహూర్తాలున్నాయి. ఆపడానికి ఏ పంచాంగంలోనూ ముహూర్తం లేదు. మనిషి నిర్ణయాలు ఎలా తీసుకుంటాడు, ఎక్కడ తప్పుతాడు అన్న విషయం మీద యాభై ఏళ్లుగా విశ్వవిద్యాలయాలు తలలు బద్దలు కొట్టుకుంటున్నాయి. ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, వ్యాపార నిర్వహణ ఈ మూడూ కలిసే చోటు అది. నోబెల్ బహుమతులు కూడా వచ్చాయి. ఆ పరిశోధనలు చదివినప్పుడల్లా నాకు మా పడమటి ప్రకాశంలో రాత్రిళ్లు తిరిగే బోరు బండ్లే కళ్లముందుకొస్తాయి.

ముందు మా నేల సంగతి చెప్పాలి. నల్లమల వాలుల్లో, కంభం చుట్టుపక్కల పరుచుకున్న రాతికి భూగర్భ శాస్త్రవేత్తలు ఆ ఊరి పేరే పెట్టారు. కడప బేసిన్‌లో అది కంభం ఫార్మేషన్. షేలు, ఫిల్లైటు, పలకరాయి. తెలుగు పిల్లలు తరాలపాటు అ ఆలు దిద్దిన మార్కాపురం పలక ఆ రాతిదే. పల్చటి పొరలుగా చీలుతుంది కాబట్టే పలకగా పనికొచ్చింది. కానీ ఆ రాతి ఒంట్లో నీళ్లు నిలవవు. రాయి పగిలిన చోట, బీటలు కలిసిన చోటే నీరు. బీట తగిలితే రెండించుల నీళ్లు. దానికి పది గజాల అవతల దించితే ఉత్త దుమ్ము. లోతుకు పోయినకొద్దీ బీటలు తగ్గుతాయి, అడుగు ధర పెరుగుతుంది. కనిగిరి, పొదిలి వైపయితే పడిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందోనన్న భయం వేరే.

వెనకటివాళ్లు కిందికి తవ్వడం కంటే అడ్డంగా కట్టడం మేలనుకున్నారు. గుండ్లకమ్మకు కొండల నడుమ కట్ట వేసి కంభం చెరువు నిలబెట్టారు. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల కమిషన్ ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చింది. చెరువు ఎండితే ఊరంతా ఒకచోట కూర్చుని తల పట్టుకుంటుంది. బోరు ఎండితే ఒక్క ఇల్లే తల పట్టుకుంటుంది. చెరువు కింద పది మందీ కలిసి తీసుకున్న నిర్ణయాలు బోర్ల కాలానికి ఒక్కడి నెత్తిన పడ్డాయి.

ఒక వేసవి రాత్రి బేస్తవారిపేట దగ్గర, నాకు మేనమామ వరసయ్యే ఒకాయన చేలో బోరు దించుతుంటే నేనూ పక్కనే ఉన్నాను. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బండి. టైర్ల కింద నిమ్మకాయలు, రాడ్డుకు పసుపు కుంకుమలు, కొట్టిన కొబ్బరికాయ. కంప్రెషర్ హోరుకు పక్కమనిషి మాట వినపడదు, అంతా సైగలే. మొదట ఎర్రమట్టి వచ్చింది, తరవాత పసుపచ్చ పొడి, ఆపైన నల్లటి మెత్తటి పొడి. గుప్పిట్లోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. పలకరాయి. మూడొందల అడుగులు దాటాక ఒక రాడ్డుకు పొడి ముద్దకట్టింది. "తడి తగిలింది" అని ఎవరో అరిచారు. మామ రెండు చేతులూ ఎత్తి నల్లమల వైపు దండం పెట్టాడు. తరవాతి రాడ్డుకు మళ్లీ దుమ్మే లేచింది.

ఐదొందల దగ్గర ఆయన చెవిలో నోరు పెట్టి "ఇక చాలేమో మామా" అన్నాను.

"ఇంతదాకా డబ్బు పోసినాక ఇప్పుడాపితే ఎట్టా అల్లుడా? ఇంకో వందడుగులు చూద్దాం. ఆడే ఉంటాది."

ఆరొందల దగ్గర ఏజెంటు దగ్గరికొచ్చి, పక్క ఊళ్లో ఆరొందల నలభైకి నీళ్లు దూకాయని చెప్పాడు. ఏడొందలు దాటాక మామ ఆపాడు. ఆపిందీ మనసొప్పి కాదు, తెచ్చిన డబ్బు అయిపోయి.

ఆ "ఇంతదాకా పోసినాక" అన్న మాట మీద మోయలేనంత పరిశోధన ఉంది. 1979లో డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ ‘ఎకనామెట్రికా’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఖాయంగా 3000 తీసుకుంటారా, లేక నూటికి 80 పాళ్లు 4000 వచ్చే పందెం కాస్తారా అని అడిగితే నూటికి 80 మంది ఖాయమైన 3000 చాలన్నారు. అదే ప్రశ్నను నష్టంగా తిప్పారు. ఖాయంగా 3000 పోగొట్టుకుంటారా, లేక నూటికి 80 పాళ్లు 4000 పోయే పందెం కాస్తారా? ఈసారి నూటికి 92 మంది పందెమే అన్నారు. లాభం ముందు నెమ్మదిగా ఉండే మనిషి నష్టం ఖాయమయ్యేసరికి జూదరి అవుతాడని దాని సారం. ట్వెర్‌స్కీ 1996లో పోయాడు. కానెమన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. ఐదొందల అడుగుల దగ్గర ఆపడమంటే పోయిన డబ్బు పోయినట్టేనని ఒప్పుకోవడం. ఇంకో వందడుగులంటే ఆ ఒప్పుకోలును అరగంట వాయిదా వేయడం.

1985లో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అమెరికాలో ఒహాయో యూనివర్సిటీ నాటకశాల దగ్గర ఇంకో ప్రయోగం చేశారు. ఏడాది టిక్కెట్లు కొనేవాళ్లలో కొందరికి పూర్తి ధర తీసుకుని, కొందరికి తగ్గించి ఇచ్చారు. నాటకాలు అందరికీ అవే. అయినా మొదటి ఆరు నెలల్లో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువగా వెళ్లారు. పెట్టిన డబ్బు కూర్చోనివ్వలేదన్నమాట. పోయిన డబ్బు తిరిగి రాదు గనక ముందున్న లాభనష్టాలే చూసుకోవాలని ఆర్థికశాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతుంది. కొద్దిలో తప్పిన గెలుపు సంగతి 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చెప్పారు. జూదంలో త్రుటిలో తప్పిన ఆట మనిషి మెదడులో గెలుపు లాంటి కదలికే పుట్టిస్తుందనీ, ఇంకా ఆడాలనిపించేలా చేస్తుందనీ తేల్చారు. ఆ మూడొందల అడుగుల తడి మామకు చేసిందదే.

ఇక్కడిదాకా వచ్చి చాలామంది ఆగిపోతారు. రైతుకు లెక్క తెలియదు, మొండిపట్టు, జూదం అని తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు నాకు మింగుడుపడదు.

మామకు బత్తాయి తోట ఉంది. బత్తాయి చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ వేసవి నీళ్లు అందకపోతే తోట మొత్తం కట్టెలే. బోరుకు పోసింది ఆయనకు పోయిన డబ్బే కావచ్చు, చెట్లు మాత్రం ఇంకా ప్రాణంతో నిలబడి ఉన్నాయి. నాటకం టిక్కెట్టు కొన్నవాడు వెళ్లకపోతే పోయేది ఒక సాయంత్రం. ఇక్కడ పోయేది ఇంటిల్లిపాది పదేళ్ల కష్టం, ఆ తరవాత హైదరాబాదుకో బెంగళూరుకో కూలి పనికి ప్రయాణం. ఇన్ని ముడిపడి ఉన్నచోట ఇంకో వందడుగులు దించడం పిచ్చితనం కాదు. నీళ్లు పడే అవకాశం ఎంతో తెలిస్తే అది లెక్కే అవుతుంది. తెలియకపోవడమే దాన్ని జూదం చేస్తుంది.

మన రైతు స్వభావంగా జూదరి కాడనడానికి నా మాటే అక్కర్లేదు. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి మెట్ట పల్లెల్లో ఇంటింటి లెక్కలు రాయడం మొదలుపెట్టింది. అప్పటి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా అవురేపల్లి, దోకూరు ఆ వరసలోవే. అక్కడ పనిచేసిన హన్స్ బిన్స్‌వాంగర్ మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో రైతులతో, కూలీలతో నిజం డబ్బుతో బొమ్మా బొరుసు ఆడించాడు. ఏమీ ఆడకుండా ఖాయంగా 50 రూపాయలు తీసుకోవచ్చు, లేదా ఒక వైపు పడితే 200, రెండో వైపు పడితే సున్నా అన్న పందేనికి దిగవచ్చు. నడుమ మెట్లు మెట్లుగా ఇంకా ఎంపికలున్నాయి. డబ్బు చిన్నదైనంత సేపు మనిషికొక తీరుగా ఆడారు. పందెం పెద్దదయ్యేసరికి ఉన్నవాడూ లేనివాడూ దాదాపు అందరూ నడిమి మెట్ల దగ్గర సర్దుకున్నారు. 1980లో అచ్చయిన ఆ వ్యాసం నేటికీ ప్రపంచమంతా చదువుతుంది. అందులో కనిపించే పల్లె మనిషి ఆచితూచి అడుగేసేవాడు.

ఆ ఇక్రిశాట్ లెక్కల మీదే 1989లో మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ మన పెళ్లిళ్లకూ ఒక అర్థం చెప్పారు. పంట రాబడి మీద నమ్మకం తక్కువున్న ఇళ్లవాళ్లు ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇస్తున్నారట. ఇక్కడ వాన పడని ఏడు అక్కడ పడవచ్చు, వియ్యపువారు ఆదుకుంటారు. రాచర్ల పిల్లను నెల్లూరు వైపు ఇచ్చినప్పుడు మన పెద్దలు ఈ మాట పైకి అని ఉండరు. కానీ కందిలో సజ్జ సాలు వేసే మనిషికి, ఉన్న ఎకరాలన్నీ ఒకే పంటకు అప్పగించని మనిషికి ఈ సంగతి తెలియదనుకోలేం.

మరి ఏళ్ల తరబడి ఇంత జాగ్రత్తగా నడిచే మనిషి ఆ ఒక్క రాత్రి ఎందుకు తూలుతాడు? నా లెక్కలో తేడా మనిషిలో లేదు, నిర్ణయం తీసుకునే చోటులో ఉంది. పెళ్లి సంబంధం నెలల మీద నలుగుతుంది. పంట మార్పు ఒక కార్తెలో కాకపోతే ఇంకో కార్తెలో తేలుతుంది. బోరు ఆపాలా వద్దా అన్నది మాత్రం అర్ధరాత్రి, హోరులో, అప్పు తెచ్చిన డబ్బుతో, నిమిషాల్లో తేలాలి. పైగా అక్కడ సలహా చెప్పేవాళ్లు ఎవరు? బండివాడికి అడుగుల లెక్కన డబ్బు. ఏజెంటుకు బండివాడి నుంచి వాటా. పాయింటు చూపినాయనకు పరువు. నీళ్లు పడకపోయినా లోతు పెరిగితే నష్టపోనివాళ్లే చుట్టూ. మూడొందలు దాటాక ప్రతి వందకూ రేటు పెరుగుతుంది. ఆపమని చెబితే లాభం వచ్చే మనిషి ఆ చేలో ఒక్కడూ లేడు.

అప్పుల ఒత్తిడి సంగతి కూడా మరవకూడదు. ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో తమిళనాడు చెరకు రైతులు 464 మందిని పరీక్షించి, ఆ ఫలితాలను 2013లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. పంట డబ్బు చేతికి రాకముందు చేసిన పరీక్షలో తక్కువ మార్కులు తెచ్చుకున్న రైతే, డబ్బు వచ్చాక మెరుగ్గా చేశాడు. డబ్బు యాతన బుర్రలో చోటు ఆక్రమిస్తుందని వాళ్ల వాదన. ఈ రంగంలో నిలవని పేపర్లూ ఉన్నాయి. నిజాయితీ మీద 2012లో వచ్చిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో కారు బీమా లెక్కలు కల్పించినవని తేలి 2021లో వెనక్కి తీసుకున్నారు. అందుకని చదివినదల్లా తలకెత్తుకోవద్దు. మన చేలో కనిపించిన దానితో పోల్చి చూసి, నిలిచిందే ఉంచుకోవాలి.

ఎవరు చెబుతున్నారన్నది ఎంత ముఖ్యమో ఉమ్మడి ఆంధ్రప్రదేశే చూపించింది. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వాన బీమా అమ్మాయి. వాన తగ్గితే పరిహారం. మెట్ట రైతుకు అంతకంటే కావలసిందేముంది? అయినా కొన్నవాళ్లు తక్కువ. ఆ బీమా అర్థం కాలేదన్నవాళ్లు చాలామంది. తరవాతి ప్రయోగాల్లో ఊరికి తెలిసిన, ఊరు నమ్మిన మనిషి మాట సాయం చేస్తే అమ్మకాలు పెరిగాయి. లెక్క ఎంత మంచిదైనా చెప్పే నోరు నమ్మకమైనది కావాలి.

బోర్ల విషయంలో అలాంటి నోరు ఒకటి మన జిల్లాలోనే పనిచేసింది. 2003 ప్రాంతంలో మొదలైన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ (ఆంధ్రప్రదేశ్ రైతులు నిర్వహించే భూగర్భజల వ్యవస్థలు) అనే ప్రాజెక్టు ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, ప్రకాశం అందులో ఒకటి. డబ్బు మొదట నెదర్లాండ్స్‌ది, తరవాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా. ఆరొందలకు పైగా పల్లెల్లో రైతులే ఊళ్లో వానమాని పెట్టుకున్నారు, బోర్లలోకి కొలతాడు దించి నీటిమట్టం రాసుకున్నారు. రబీ ముందు అందరూ కూర్చుని, ఈ ఏడు భూమిలోకి ఇంకింది ఎంత, మనం వేద్దామనుకుంటున్న పంటలకు కావలసింది ఎంత అని గోడ మీద లెక్క వేశారు. ఎవరికీ జరిమానా లేదు, ఏ పంట వేయాలో ఆజ్ఞ లేదు. ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భజలాల మీద తెచ్చిన నివేదికలో ఈ ప్రాజెక్టును ప్రత్యేకంగా ప్రస్తావించింది. నీటి వాడకం తగ్గింది త్యాగం వల్ల కాదు, ఎవరి నష్టాన్ని వాళ్లు తప్పించుకోవడం వల్లేనని చెప్పింది. గోడ మీద లోటు కనబడ్డాక వరి వేయాలనుకున్నవాడు శనగకు మారతాడు. అంకె బోరు బండి దగ్గర కాక చావడి దగ్గర, పట్టపగలు, పది మందిలో కనబడింది. అదే తేడా.

తరవాతి కాలంలో రూత్ మెయిన్‌జెన్-డిక్, ఆమె సహచరులు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఇదే విషయాన్ని ఆటగా ఆడించారు. ఎక్కువ నీళ్లు తాగే పంట, తక్కువ తాగే పంట రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి, అందరి ఎంపికా కలిసి మట్టాన్ని దించుతుంది. 2018లో అచ్చయిన ఆ వ్యాసం ప్రకారం ఆట ఆడిన ఊళ్లలో నీటి రిజిస్టరు పెట్టుకోవడం, కట్టుబాట్లు రాసుకోవడం ఎక్కువగా కనిపించింది.

ప్రభుత్వాలు మాత్రం ఎప్పుడూ మొదలుపెట్టడానికే సాయం చేశాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. మోటారు ఒక గంట ఎక్కువ నడిపితే రైతుకు పైసా ఖర్చు లేదు, పక్కవాడి మట్టం మాత్రం దిగుతుంది. 2020లో జలకళ పేరుతో ఉచిత బోర్లు వచ్చాయి. మంచివే, కాదనను. 2002 నాటి వాల్టా చట్టం బోరుకు అనుమతి కావాలంటుంది. ఆ చట్టం పుస్తకంలో ఉంది, బండి చేలో ఉంది.

పోయిన డబ్బు వదిలి ముందున్నదే చూడాలన్న కొలబద్దను వెలిగొండ ప్రాజెక్టుకూ పెట్టి చూడండి. పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఆ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కడుపులోంచి దాదాపు 19 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వారు. 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. ఆ ఏడాది పొలాలకు నీళ్లు రాలేదు, నిర్వాసితుల పునరావాసం తేలలేదు. "ఇన్ని కోట్లు పోశాం గనక పూర్తి చేయాలి" అని నాయకులు అంటుంటారు. అది మామ మాటే. సరైన మాట వేరే ఉంది. సొరంగాల తవ్వకం పూర్తయింది గనక ఇక పెట్టాల్సింది తక్కువ, రావాల్సింది 4 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టుకు నీళ్లు. అందుకే ఆపకూడదు. బోరు విషయంలో ముందుకు చూస్తే ఆపమనే లెక్క, వెలిగొండ విషయంలో అలాగే ముందుకు చూస్తే పూర్తి చేయమంటుంది. లెక్క ఒకటే, జవాబులే వేరు. కట్టిన ఇళ్లూ పొలాలూ వదిలి లేచిపోవాల్సిన సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వైపు జనానికి ఇవ్వాల్సింది కూడా ఆ "ఇక పెట్టాల్సింది"లో భాగమేనని పాలకులు మరవకూడదు.

మా ప్రాంతం రైతులకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఊరికో నోటు పుస్తకం పెట్టండి. పడిన బోర్ల కంటే ముందు ఎండిన బోర్లు రాయండి, ఎవరి చేను, ఎన్ని అడుగులు, ఏ ఏడు. ఆరొందల నలభైకి పడిన ఒక్క బోరు కథ ఊళ్లు దాటి తిరుగుతుంది. ఎనిమిదొందలకు ఎండినవి సిగ్గుతో ఇంట్లోనే ఉండిపోతాయి. ఏజెంటు చెప్పే లెక్కకు బలం అదే. రెండోది, బండికి ఫోన్ చేసే ముందే, ఆ పుస్తకం చూసుకుని, ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో ఒక అంకె రాసుకోండి. ఆ డబ్బు మాత్రమే చేలోకి తీసుకెళ్లండి. మిగతాది, ఆ అంకె రాసిన కాగితం, రెండూ ఇంటావిడ దగ్గర పెట్టండి. అప్పుకు తాకట్టు పోయేది ఎక్కువగా ఆమె మెడలోదే గనక, ఇంకో వందడుగులు దించాలంటే ఆమె సరేననాలి. అర్ధరాత్రి ఆమెను లేపి అడిగే ధైర్యం లేకపోతే, అదే జవాబనుకుని బండి ఆపేయండి.